సీసా ముందు గుర్రం, వెనక హెచ్చరిక: మద్యం లేబుళ్లు, ప్రకటనల మీద మీరేమంటారు?

అచ్చుతప్పు:
నేను ప్యాకేజింగ్ డిజైన్ చేస్తాను. లేబుళ్లు, అట్టపెట్టెలు, షాంపూ సాచెట్లు, ఏది వస్తే అది. ఈమధ్య ఒక మద్యం సీసా పని వచ్చింది. క్లయింటు ఎవరో ఇక్కడ అనవసరం. ముందు లేబుల్‌కి ఆరు వారాలు పట్టింది. బంగారు ఫాయిల్, చేత్తో తడిమితే తగిలేలా ఎంబాసింగ్, ఒక గుర్రం బొమ్మ. ఆ గుర్రం కాళ్లు ఎటు వంగాలన్న దాని మీదే మూడు మీటింగులు జరిగాయి. వెనక లేబుల్‌కి మాత్రం చివరి రోజు సాయంత్రం అరగంట మిగిలింది. "ఆ చట్టం మేటర్ ఉంటుంది కదా, కింద ఎక్కడైనా సర్దెయ్యి" అన్నారు.

సర్దాను. హెచ్చరిక తెల్ల మీద నల్లగా, చట్టం అడిగిన ఎత్తులో పెట్టాను. ప్రూఫ్ తిరిగొచ్చింది. "కళ్లలో పొడుచుకుంటోంది, కాస్త డల్ చెయ్యి." చివరికి లేత గోధుమరంగు మీద ముదురు గోధుమరంగు, సన్నగా నొక్కేసిన ఫాంటు. అక్షరం ఎత్తు ఎక్కడా తగ్గలేదు కాబట్టి చట్టం తప్పలేదు. స్క్రీన్ మీద 400 శాతం జూమ్ చేస్తే ముచ్చటగా ఉంది. ప్రింటు చేతికొచ్చాక ఆ వాక్యం ఎక్కడుందో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. పెట్టింది నేనే!

అప్పటి నుంచి ఒకటే ప్రశ్న తొలుస్తోంది. ఇలాంటి హెచ్చరిక ఉంటే ఎంత, లేకపోతే ఎంత? అసలు లేబుళ్ల వల్ల ఎక్కడైనా ఏమైనా మారిందా? లేక ప్రకటనల్ని పట్టుకోకుండా లేబుల్‌ని పట్టుకోవడం తోక పట్టుకోవడమేనా?

సాయంత్రం_ఆరు:
మందు మంచిది కాదని తెలియనివాడు ఎవడండీ? పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నదే. తెలిసే తాగుతున్నాం. సిగరెట్ పెట్టె మీద కుళ్లిన నోటి బొమ్మ వేసినా కొనేవాడు కొంటూనే ఉన్నాడు. పెద్దవాళ్లం, మా పాట్లు మేం పడతాం. సీసా మీద నీతిబోధ ఎందుకు?

నైట్_డ్యూటీ:
సాయంత్రం గారూ, మంచిది కాదని తెలియడం వేరు, ఏం చేస్తుందో తెలియడం వేరు. పదకొండేళ్లుగా నర్సుగా ఉన్నాను, అందులో నాలుగేళ్లు క్యాన్సర్ వార్డులో. అన్నవాహిక క్యాన్సర్‌తో వచ్చిన ఒకాయన భార్య నన్ను అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ప్రతి ఏడాదీ లివర్ టెస్టులు చేయిస్తూనే ఉన్నాం, అన్నీ నార్మలే. మరి గొంతులో ఎలా వచ్చింది?" ఆమె దృష్టిలో మద్యం అంటే లివర్. అంతే. ఆమె చదువుకోని మనిషి కూడా కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ మద్యాన్ని మొదటి గ్రూపు క్యాన్సర్ కారకాల్లో చేర్చింది 1988లో. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న గ్రూపు అది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము. ఈ ఏడు చోట్ల సంబంధం రుజువైంది. ఒంట్లోకి వెళ్లిన ఆల్కహాల్ ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది, అది డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది. స్కాచ్ అయినా, వైన్ అయినా, బీరు అయినా లోపల జరిగేది ఇదే. ఖరీదైనది తాగితే తేడా ఉంటుందని నాతో వాదించినవాళ్లు ఎంతమందో!

1988 నుంచి ఇన్నేళ్లయింది. ఈ ముక్క మీరు ఏ సీసా మీదైనా చదివారా?

సాయంత్రం_ఆరు:
రొమ్ము క్యాన్సర్ సంగతి నిజంగా తెలియదు. ఒప్పుకుంటున్నాను. కానీ అదంతా పీకల దాకా తాగేవాళ్లకి కదా. మితంగా తీసుకునేవాడికి గుండెకి మంచిదని చెప్పింది డాక్టర్లే. ఇప్పుడు అదీ కాదంటారా?

నైట్_డ్యూటీ:
అంటాను. ఆ పాత లెక్కల్లో 'అసలు తాగనివాళ్లు' అని ఒక గుంపు ఉండేది. అందులో జబ్బు చేసి మానేసినవాళ్లూ కలిసిపోయారు. జబ్బుపడి మానేసినవాడి పక్కన నిలబడితే మితంగా తాగేవాడు ఆరోగ్యంగా కనబడక ఏం చేస్తాడు? ఆ గుంపుని విడదీసి చూసిన చోట ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యానికి ఇబ్బంది లేని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రకటించింది. యూరప్ ప్రాంతంలో మద్యం వల్ల వచ్చే క్యాన్సర్లలో సగం వరకు కొద్దిగానో మితంగానో తాగేవాళ్లకే వస్తున్నాయని కూడా అందులోనే ఉంది. వాళ్లు 'మితం' అన్నది వారానికి లీటరున్నర లోపు వైన్.

టెన్షన్ పెట్టడానికి చెప్పడం లేదు. తక్కువ తాగితే ముప్పు తక్కువే, మోతాదుతో పాటు పెరుగుతుంది. లేదని మాత్రం అనకండి.

లెక్కల_మాస్టారు:
మితం అన్న మాట దగ్గరే నా పేచీ. ఎంత మితం? ఒక సీసా తీసుకోండి. 750 మి.లీ. వైన్, 13 శాతం. శాతం ఘనపరిమాణంలో చెబుతారు కాబట్టి అందులో ఆల్కహాల్ 97.5 మి.లీ. మిల్లీలీటరు ఆల్కహాల్ బరువు 0.789 గ్రాములు. గుణిస్తే దగ్గర దగ్గర 77 గ్రాములు. గ్రాముకి 7 క్యాలరీలు, అంటే ఆల్కహాల్ ఒక్కదాని వల్లే 539.

ఇప్పుడు అదే సీసాలో ఎన్ని 'డ్రింకులు' ఉన్నాయో అడగండి. బ్రిటన్‌లో ఒక యూనిట్ 8 గ్రాములు, కాబట్టి పది యూనిట్లకి కాస్త తక్కువ. అమెరికాలో స్టాండర్డ్ డ్రింక్ 14 గ్రాములు, కాబట్టి అయిదున్నర. ఆస్ట్రేలియాలో 10 గ్రాములు, కాబట్టి ఏడున్నర దాటుతుంది. సీసా ఒకటే. తాగేవాడు ఒకడే. ఇంట్లో గ్లాసులో వంచుకునేవాడు ఈ మూడింటిలో దేన్నీ పాటించడు, గ్లాసు నిండితే అదే ఒక డ్రింకు.

పెగ్గు లెక్కా అంతే. 40 శాతం సరుకు 60 మి.లీ. పోస్తే 19 గ్రాములు. 5 శాతం బీరు 330 మి.లీ. టిన్ను తాగితే 13 గ్రాములు. "నేను బీరు మాత్రమే తాగుతాను" అని మూడు టిన్నులు లాగించినవాడు రెండు పెద్ద పెగ్గులు దాటేశాడు. శాతం మాత్రమే రాసి గ్రాములు రాయకపోవడం అంటే, బియ్యం బస్తా మీద తేమ శాతం రాసి బరువు రాయకపోవడం లాంటిది.

సాయంత్రం_ఆరు:
మాస్టారూ, ఇది బాగుంది. గ్రాములు రాయండి, క్యాలరీలు రాయండి, అందులో ఏం కలిపారో రాయండి. నేను కాదనను. నాకిప్పుడే తట్టింది, బిస్కెట్ ప్యాకెట్ మీద పిండి దగ్గర్నుంచి ఉప్పు దాకా ఉంటుంది, సీసా మీద ఎందుకు ఉండదు?

సెక్షన్_గారు:
ఉండనవసరం లేదని చట్టమే చెప్పింది కాబట్టి. యూరోపియన్ యూనియన్ 2011లో ఆహార పదార్థాల లేబుళ్ల మీద పెద్ద నిబంధన తెచ్చింది, సంఖ్య 1169. పదార్థాల జాబితా, పోషకాల పట్టిక తప్పనిసరి. కానీ 1.2 శాతం కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉన్న పానీయాలకి ఆ రెండింటి నుంచీ మినహాయింపు. పళ్లరసం డబ్బా మీద చక్కెర లెక్క చూపాలి, వైన్ సీసా మీద అక్కర్లేదు. 2023 డిసెంబర్ 8 తర్వాత తయారైన వైన్‌కి మాత్రం ఇది మారింది. క్యాలరీలు లేబుల్ మీద ఉండాలి, పదార్థాల జాబితాని క్యూఆర్ కోడ్ వెనక పెట్టినా చాలు.

అచ్చుతప్పు గారు అడిగిన దానికి వస్తాను. అమెరికాది బాగా నలిగిన ఉదాహరణ. 1988లో చట్టం, 1989 నవంబర్ నుంచి సీసాల మీద హెచ్చరిక. గర్భిణులు తాగొద్దు, బండి నడపొద్దు, చివర్లో 'ఆరోగ్య సమస్యలు రావచ్చు'. అప్పటి నుంచి ఇప్పటిదాకా వాక్యంలో ఒక్క మాట మారలేదు. 237 మి.లీ. పైన 3 లీటర్ల దాకా సీసాలకి అక్షరం ఎత్తు కనీసం 2 మి.మీ. ఉంటే చాలు. 2025 జనవరిలో అప్పటి సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం మీద దేశానికి సలహా చెప్పే ప్రధాన వైద్యాధికారి) వివేక్ మూర్తి అందులో క్యాన్సర్ మాట చేర్చాలని సూచించారు. అక్కడ మద్యానికీ క్యాన్సర్‌కీ సంబంధం ఉందని తెలిసినవాళ్లు సగం మంది కూడా లేరు. చేర్చడం ఆయన చేతిలో లేదు, అక్కడి పార్లమెంటు చెయ్యాలి.

అచ్చుతప్పు:
2 మి.మీ.! నేను పెట్టిందీ సరిగ్గా అంతే. 'చదవగలిగేలా ఉండాలి, నేపథ్యానికి తేడా ఉండాలి' అంటారు. ఎంత తేడా అన్నది చెప్పరు. ఆ సందులోంచే మేం గోధుమరంగు పట్టుకుని దూరతాం.

సెక్షన్_గారు:
ఇప్పుడు అసలు కథ. కెనడాలో యూకాన్ అని ఉత్తరాన ఒక ప్రాంతం. 2017 నవంబర్‌లో అక్కడి వైట్‌హార్స్‌లో పరిశోధకులు సీసాల మీద కొత్త స్టిక్కర్లు అంటించారు. కంటికి ఆనే రంగులో, పెద్దగా, 'మద్యం క్యాన్సర్‌కి కారణం కావచ్చు' అని. నెల తిరిగేలోపు మద్యం పరిశ్రమ సంఘాలు మీద పడ్డాయి. కోర్టుకెక్కుతారేమోనన్న భయంతో ప్రభుత్వం ప్రయోగం ఆపేసింది. తర్వాత మళ్లీ మొదలుపెట్టారు, కానీ క్యాన్సర్ స్టిక్కర్ లేకుండా. మోతాదు చెప్పేవి, డ్రింకు లెక్క చెప్పేవి మిగిలాయి.

అంత కురచ ప్రయోగంలోనూ, స్టిక్కర్లు అంటించిన సరుకు అమ్మకాలు తలసరి లెక్కన 6 శాతానికి పైగా తగ్గాయని ఆ తర్వాత ప్రచురించారు. గోధుమరంగు అక్షరాలకి ఆ భయం ఎందుకు పుట్టలేదో, ఈ స్టిక్కర్‌కి ఎందుకు పుట్టిందో ఆలోచించండి.

ఐర్లండ్ 2018లో చట్టం చేసింది, 2023లో లేబుల్ నిబంధనల మీద సంతకాలయ్యాయి. మద్యం కాలేయ వ్యాధికి కారణం అని ఒకటి, మద్యానికీ ప్రాణాంతక క్యాన్సర్లకీ నేరుగా సంబంధం ఉందని ఒకటి, గర్భిణి గుర్తు, గ్రాములు, క్యాలరీలు. 2026 మేలో అమల్లోకి రావాల్సింది. ఇటలీ లాంటి వైన్ దేశాలు గట్టిగా అడ్డుతగిలాయి. చివరికి వాణిజ్యం పేరు చెప్పి ఐర్లండ్ ప్రభుత్వమే 2028కి వాయిదా వేసుకుంది.

మూడో_ఏడు:
ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మానేసి మూడో ఏడు నడుస్తోంది. లేబుల్ గురించి నేనేం చెప్పలేను, తాగే రోజుల్లో సీసా తిప్పి చూసిన పాపాన పోలేదు. ప్రకటనల గురించి చెబుతాను.

మానేసిన మొదటి నెల ఫోన్‌లో 'తాగుడు మానడం ఎలా' అని వెతికాను. వారం తిరక్కుండా మద్యం ప్రకటనలు ఎక్కువయ్యాయి. నా వెతుకులాటకీ వాటికీ సంబంధం ఉందని నేను రుజువు చెయ్యలేను. కానీ రాత్రి తొమ్మిదిన్నరకి, సరిగ్గా చెయ్యి పీకే టైముకి, మంచు పట్టిన గ్లాసు వీడియో. గ్లాసు అంచు మీంచి ఒక్క చుక్క జారుతూ ఉంటుంది. కింద సన్నగా 'బాధ్యతగా తాగండి'. నాకు ఆ వాక్యంలో రెండో మాట ఒక్కటే వినబడేది.

'దాచు' నొక్కితే ఎందుకు దాచాలో కారణం అడిగింది. నాలుగు ఆప్షన్లు. 'నాకు ఇది ప్రమాదం' అన్నది వాటిలో లేదు. 'ఆసక్తి లేదు' నొక్కాను. అది అబద్ధం కదా. ఆసక్తి లేకపోతే ఇంత బాధ ఎందుకు?

సాయంత్రం గారు పెద్దవాళ్లం అన్నారు. నేనూ పెద్దవాణ్ణే అండి.

నైట్_డ్యూటీ:
మూడో_ఏడు అన్నా, రాసినందుకు థ్యాంక్స్. ఈ రాత్రి ఎలా ఉన్నారు?

మూడో_ఏడు:
బాగున్నానక్కా. చాయ్ పెట్టుకున్నా.

సాయంత్రం_ఆరు:
మీ మాట కాదనే ధైర్యం నాకు లేదు. ఒక్కటి మాత్రం అడగనివ్వండి, వాదన కోసం కాదు. ప్రకటనలు మొత్తం ఆపేస్తే లాభం ఎవరికి? ఇప్పటికే పేరున్న పెద్ద కంపెనీలకి. కొత్తగా చిన్న బ్రూవరీ పెట్టుకున్నవాడు తాను ఉన్నానని జనానికి ఎలా చెప్పుకుంటాడు? పైగా తాళం వేసిన చోటల్లా దొంగదారి పుడుతుంది. పేరు మార్చి అమ్ముతారు.

సెక్షన్_గారు:
దొంగదారి మాట నూటికి నూరుపాళ్లూ నిజం. భారత్‌లో టీవీలో మద్యం ప్రకటన కుదరదు. కాబట్టి అదే పేరుతో సోడా వచ్చింది, మ్యూజిక్ సీడీలు వచ్చాయి. ప్రకటన సీడీది, గుర్తొచ్చేది సీసా. 2022 జూన్‌లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ ముసుగు ప్రకటనల్ని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది.

ఫ్రాన్స్ చూడండి. 1991 నాటి ఎవాఁ చట్టం. టీవీలో, సినిమా హాల్లో ప్రకటన లేదు, ఆటల స్పాన్సర్‌షిప్ లేదు. పత్రికలో వేసుకోవచ్చు, కానీ ఏం చెప్పాలో చట్టమే గీత గీసింది. ఎంత శాతం, ఎక్కడ తయారైంది, దేంతో, ఎలా, రంగు, వాసన, రుచి. స్నేహితుల నవ్వులు, సముద్రతీరం, ఎర్ర గౌను అమ్మాయి కుదరవు. సాయంత్రం గారూ, మీ చిన్న బ్రూవరీ ఆయనకి ఇది సరిపోదా? నా సరుకు ఇది, ఇలా చేశాను అని చెప్పుకోవచ్చు.

అక్కడా దారి వెతికారు. 2016 యూరో ఫుట్‌బాల్ పోటీలు ఫ్రాన్స్‌లో జరిగాయి, కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ స్పాన్సర్. మైదానం బోర్డుల మీద కంపెనీ పేరు లేదు. వాళ్ల నినాదంలోని 'ప్రాబబ్లీ' (బహుశా) లాంటి ముక్కలు, అదే ఆకుపచ్చ, అదే అక్షరాల ఒంపు. రగ్బీలో గిన్నెస్ బీరు పేరు ఉండాల్సిన చోట 'గ్రేట్‌నెస్' అని రాశారు. పేరు లేకుండా పేరు చదివించారు.

అచ్చుతప్పు:
మా వృత్తిలో దీన్ని గొప్ప విజయం అంటారు. లోగో తీసేసినా గుర్తుపడితే బ్రాండ్ పండినట్టు. అందుకే పేరుని నిషేధించడం చాలదు, రంగుని, ఒంపుని కూడా చూడాలి. సిగరెట్ పెట్టెలకి ఆస్ట్రేలియా 2012లో చేసింది అదే, అందరికీ ఒకే మట్టిరంగు. మద్యానికి అంత దూరం ఎవరూ వెళ్లలేదు. వెళ్తే నా పని పోతుంది, అదీ చెప్పేస్తున్నా.

బడిగంట:
టీచర్ని. 0.0 గురించి ఎవరూ అనలేదేం? ఆల్కహాల్ లేని బీరు, పేరు అదే, టిన్ను అదే, మూల ఒక నీలం చారిక. పదో తరగతి పిల్లవాడి బ్యాగులో చూశాను. "మేడమ్, ఇందులో ఏం లేదు, చదవండి" అని వాడే చూపించాడు. నిజమే, ఏం లేదు. తిట్టడానికి నా దగ్గర రూలు లేదు. కానీ వాడికి ఆ టిన్ను చేతిలో పట్టుకునే తీరు వచ్చేసింది. మూత తెరిచి ఒక పక్కకి వంగి నిలబడటంతో సహా!

తాగే పెద్దవాడు 0.0కి మారితే సంతోషమే. అలాంటప్పుడు వేరే పేరుతో, వేరే రంగుతో అమ్మొచ్చు కదా?

సెక్షన్_గారు:
బడిగంట గారు వేలు పెట్టిన చోట చాలా దేశాల చట్టాల్లో ఖాళీయే ఉంది. ప్రకటన అంటే టీవీ, పత్రిక, హోర్డింగ్ అనుకున్న రోజుల్లో రాసిన చట్టాలవి. నార్వే 1975 నుంచి ప్రకటనలు ఆపింది, లిథువేనియా 2018 జనవరి 1 నుంచి. ఫిన్లండ్ 2015లో ఇంకో అడుగు వేసింది. జనం చేత పోస్టులు పెట్టించి, షేర్ చేయించి చేసే సోషల్ మీడియా ప్రచారాన్ని ఆపింది. కానీ పక్క దేశం నుంచి ఫోన్‌లోకి వచ్చేదాన్ని ఏ ఒక్క దేశమూ ఒంటరిగా ఆపలేదు. పొగాకుకి అంతర్జాతీయ ఒప్పందం ఉంది, 2005 నుంచి అమల్లో ఉంది. మద్యానికి అలాంటిది లేదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో దేశాలు ఒప్పుకున్న కార్యాచరణ ప్రణాళిక ఉంది, దానికి కోరలు లేవు. 2019లో మద్యం వల్ల పోయినవాళ్లు 26 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

లెక్కల_మాస్టారు:
పక్కదారి మాట ఒకటి. తెలుగులో దాన్ని 'మందు' అంటాం. జ్వరానికి వేసుకునేదీ మందే, ఇదీ మందే. లేబుల్ అంటించకముందే మన నోరే మంచి పేరు పెట్టేసింది. ఏ కంపెనీ డబ్బిచ్చినా ఇంత మంచి బ్రాండింగ్ రాదు.

సాయంత్రం_ఆరు:
హహ. మాస్టారూ, పురుగుల మందు కూడా మందేనండోయ్.

అచ్చుతప్పు:
సాయంత్రం గారూ, ఒక చిన్న పని చేసిపెడతారా? ఇంట్లో ఏ సీసా ఉంటే అది తీసి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని హెచ్చరిక చదవండి. తర్వాత స్కేలు పెట్టి కొలవండి. ఏ కంపెనీయో చెప్పొద్దు.

సాయంత్రం_ఆరు:
చేశాను. మొదట ముందు వైపు వెతికాను, లేదు. వెనక చరిత్ర ఉంది, రుచి గురించి ఓ పేరా, ఓక్ పీపాల గురించి ఇంకో పేరా. హెచ్చరిక కింద బార్‌కోడ్ పక్కన దొరికింది, అదీ ఫోన్ టార్చి వేసుకుని, కళ్లజోడు పెట్టుకున్నాక. స్కేలు పెడితే రెండు మిల్లీమీటర్లకి అటూ ఇటూ. మీరు చెప్పిన గోధుమరంగే, అక్షరాలా! ముందున్న గుర్రం నలభై ఒక్క మిల్లీమీటర్లు.

లేబుల్ విషయంలో మీ వైపే ఉన్నాను. ముందు వైపు ఉండాలి, రంగు, సైజు కంపెనీ చేతిలో ఉండకూడదు. ఫోన్ ప్రకటనల మీద మూడో_ఏడు గారి మాటకి నా దగ్గర జవాబు లేదు. పూర్తి నిషేధం మీద మాత్రం నా మాట నాదే, ఫ్రాన్స్ పద్ధతి దాకా అయితే వస్తాను.

అచ్చుతప్పు:
గుర్రమా? టార్చి ఇంకా చేతిలోనే ఉంటే దాని జూలు ఒకసారి చూడండి. ఒక్కో వెంట్రుకా విడిగా ఉబ్బెత్తుగా ఉండాలి. దానికే తొమ్మిది రోజులు పట్టింది.

సాయంత్రం_ఆరు:
చూశాను. వేలికి తగులుతోంది.